వారంటీ ముగిసిన మైల్డ్ హైబ్రిడ్ పెట్రోల్ ఎస్‌యూవీ: మిర్యాలగూడలో ఉండి కొనవచ్చా?

మిల్లుబాట (మిర్యాలగూడ)

సభ్యులందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ, మా కుటుంబానికి రైస్ మిల్లు ఉంది. పదకొండేళ్లుగా ఒకే డీజిల్ ఎస్‌యూవీ నడుపుతున్నాను. అది రెండు లక్షల ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది, ఒక్కసారి కూడా నన్ను దారిలో నిలబెట్టలేదు. ఇప్పుడు దాన్ని మార్చి, హైదరాబాద్‌లో ఒకాయన అమ్మకానికి పెట్టిన 2021 మోడల్ మెర్సిడెస్ బెంజ్ జీఎల్ఈ 450 పెట్రోల్ బండి తీసుకోవాలని ఉంది. ఆర్సీలో ఒకరే ఓనరు, రన్నింగ్ 41 వేలు, లోపల కొత్త బండిలాగే ఉంది. అయితే కంపెనీ వారంటీ అయిపోయింది, ఆయన దాన్ని పొడిగించుకోలేదు.

నా వాడకం చెబుతాను, ఎందుకంటే నా సందేహమంతా దాని చుట్టూనే ఉంది. నెలలో ఎక్కువ రోజులు ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి బ్యాంకుకు, అంతే, రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు దాటదు. నెలకు రెండుసార్లు నల్లగొండ, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లి వస్తాను. యాసంగి ధాన్యం దిగే ఏప్రిల్, మే నెలల్లోనూ, వానాకాలం పంట వచ్చే రోజుల్లోనూ మిల్లు వదిలి కదలలేను కాబట్టి పెద్ద బండి రెండు మూడు వారాలు షెడ్డులోనే ఉండిపోతుంది.

ఈ బండిలో 48 వోల్టుల బ్యాటరీ ఉందని, అది పాడైతే ఖర్చు లక్షల్లో ఉంటుందని ఒక మిత్రుడు భయపెట్టాడు. మరొకరు మాత్రం హైబ్రిడ్ కాబట్టి మైలేజీ బాగా వస్తుందని చెప్పారు. ఈ మైల్డ్ హైబ్రిడ్ అసలు ఏం చేస్తుంది, ఎంతకాలం నమ్మకంగా పనిచేస్తుంది, సర్వీస్ సెంటరుకు నూట నలభై కిలోమీటర్ల దూరంలో ఉండేవాడు దీన్ని పెట్టుకోవచ్చా అన్నవే నా ప్రశ్నలు. ఆడి క్యూ7, వోల్వో ఎక్స్‌సీ60 కూడా పరిశీలనలో ఉన్నాయి. వాడినవారు, మరమ్మతు చేసినవారు దయచేసి చెప్పగలరు.

నకిరేకల్ ఇంజినీరు (హైదరాబాద్)

మిల్లుబాట గారూ, నాది వాహనాల ఎలక్ట్రికల్ విభాగంలో ఉద్యోగం కాబట్టి 48 వోల్టుల సంగతి కొంత వివరంగా చెబుతాను.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. మైల్డ్ హైబ్రిడ్ బండి ఒక్క బ్యాటరీ మీద ముందుకు కదలదు. ఇందులో ఇంజిన్‌ను తిప్పే స్టార్టరు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు చేసే రెండు పనులనూ ఒకే మోటారు చేస్తుంది. బ్రేకు వేసినప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు అది జనరేటరుగా మారి చిన్న లిథియం బ్యాటరీని నింపుతుంది. బండి కదిలేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు అదే కరెంటుతో ఇంజిన్‌కు కొన్ని క్షణాలు చేయూతనిస్తుంది. ఆ బ్యాటరీ సామర్థ్యం ఒక యూనిట్ కరెంటుకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే మన ఇంట్లో ఒక ఫ్యాను పగలంతా తిరిగితే అయ్యేంత.

48 వోల్టులే ఎందుకన్నదానికి మంచి కారణం ఉంది. మీరు చూసిన బండిలోని మోటారు గరిష్ఠంగా 16 కిలోవాట్ల సాయం చేస్తుంది. అంత శక్తిని 12 వోల్టులతో పంపాలంటే 1,300 ఆంపియర్లకు పైగా కరెంటు పారాలి, 48 వోల్టులతో అయితే 333 ఆంపియర్లు చాలు. ఒకే వైరులో కరెంటు నాలుగో వంతుకు తగ్గితే వేడి రూపంలో పోయే నష్టం పదహారో వంతుకు దిగుతుంది. డీసీ 60 వోల్టులు దాటితే షాకు తగలకుండా వేరే స్థాయి రక్షణ ఏర్పాట్లు తప్పనిసరి అవుతాయి కాబట్టి, ఆ గీతకు లోపల ఎంత ఎక్కువ వీలైతే అంత అని 48 దగ్గర ఆగారు.

ఇక ఇంజిన్. ఎం256 అని పిలిచే ఈ ఇంజిన్ 2,999 సీసీ, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. 2017లో బెంజ్ ఎస్ క్లాస్ కారుతో మొదలుపెట్టి తర్వాత చాలా మోడళ్లలో వాడారు. మీ జీఎల్ఈ 450లో 367 హెచ్‌పీ, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, మోటారు అదనంగా 22 హెచ్‌పీ, 250 న్యూటన్ మీటర్ల దాకా తోడిస్తుంది. 2023 చివర్లో మన దేశానికి వచ్చిన మార్పుల తర్వాతి బండిలో అదే ఇంజిన్ 381 హెచ్‌పీ ఇస్తోంది.

ఈ ఇంజిన్ ముందు భాగం చూస్తే మామూలుగా కనిపించే బెల్టు ఉండదు. ఏసీ కంప్రెసరు, వాటర్ పంపు రెండూ కరెంటుతోనే నడుస్తాయి, స్టార్టర్ జనరేటర్ మోటారు ఇంజిన్‌కూ తొమ్మిది గేర్ల గేర్‌బాక్స్‌కూ మధ్య కూర్చుంటుంది. దీనివల్ల ఒక సుఖం, ఒక చిక్కు రెండూ ఉన్నాయి. ఎండాకాలంలో ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగినా ఏసీ చల్లగానే వస్తుంది, మళ్లీ ఇంజిన్ అందుకున్న సంగతి స్టీరింగ్ మీద చేయి ఉన్నా తెలియదు. ఈ మృదుత్వం కోసమైనా ఈ ఇంజిన్‌ను ఇష్టపడవచ్చని నా అభిప్రాయం. చిక్కు ఏమిటంటే, ఇంజిన్‌ను తిప్పేది కూడా ఆ మోటారే కాబట్టి 48 వోల్టుల వ్యవస్థ పడిపోతే ఇంజిన్ ఎంత బాగున్నా బండి సెల్ఫ్ తీసుకోదు.

ఆడి క్యూ7 55 టీఎఫ్ఎస్ఐ పద్ధతి వేరు. అందులో 2,995 సీసీ వీ6, 340 హెచ్‌పీ, 500 న్యూటన్ మీటర్లు. మోటారు బయట బెల్టుకు తగిలించి ఉంటుంది, చల్లటి ఇంజిన్‌ను మొదటిసారి తిప్పడానికి పాతకాలపు పళ్ల స్టార్టరు కూడా ఉంచారు. వోల్వో ఎక్స్‌సీ60 బీ5లో 1,969 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, 250 హెచ్‌పీ, అందులోనూ బెల్టు మోటారే. రేంజ్ రోవర్ వాళ్ల 2,996 సీసీ, 400 హెచ్‌పీ ఇంజిన్‌లో 48 వోల్టులతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఒక ఎలక్ట్రిక్ సూపర్‌చార్జరు కూడా అదనం. 2023 తర్వాతి బీఎండబ్ల్యూ ఎక్స్5 40ఐలో మోటారును గేర్‌బాక్స్ లోపలే పెట్టారు. అయితే దాని 2,998 సీసీ ఇంజిన్ బీ58 కుటుంబానిది, 2015 నుంచి రోడ్ల మీద ఉంది, గట్టిదన్న పేరు ఆ కుటుంబానికి ఎప్పటి నుంచో ఉంది.

మైలేజీ ఆశతో మాత్రం కొనకండి. బ్రేకు వేసినప్పుడో, యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడో మాత్రమే ఉచితంగా శక్తి తిరిగి వస్తుంది. చిట్యాల దాటాక 65వ నంబరు జాతీయ రహదారి మీద తొంభైలో స్థిరంగా పోయే బండికి తిరిగి పట్టుకోవడానికి శక్తి ఏమీ మిగలదు. ఊళ్లో కొంత లాభం కనిపిస్తుంది గానీ, రెండు టన్నులు దాటిన ఆరు సిలిండర్ల పెట్రోల్ బండి మీ పాత డీజిల్ బండిలా ఇవ్వదు.

పాలమూరు దారి (జడ్చర్ల)

అన్నా, నేను మైల్డ్ హైబ్రిడ్ పెట్రోల్ ఎస్‌యూవీని మూడున్నరేళ్లుగా నడుపుతున్నాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నాకు జరిగింది ఏ కంపెనీ బండికైనా జరగవచ్చు. రెండు లీటర్ల ఇంజిన్, బెల్టు మోటారు. హైదరాబాద్‌కు 44వ నంబరు రహదారి మీద పోయి వస్తే లీటరుకు పన్నెండు పదమూడు ఇస్తుంది, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య తిరుగుళ్లలో ఎనిమిది తొమ్మిది. ఇంజిన్‌లో ఇంతవరకు చిన్న చప్పుడు కూడా లేదు.

ఒక మే నెలలో మాత్రం నాకు నిద్రలేకుండా చేసింది. చెల్లెలి పెళ్లి పనులకు వరంగల్ వెళ్లి, బండిని ఇరవై నాలుగు రోజులు ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంచేశాను. దారిని రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ కెమెరాను నేరుగా బ్యాటరీ వైరుకు కలిపించుకున్నాను, బండి ఆగి ఉన్నా అది పనిచేస్తూనే ఉంది. తిరిగివచ్చి బటన్ నొక్కితే తెరలన్నీ వెలిగాయి, లోపల ఎక్కడో టక్ మని ఒక్క చప్పుడు వచ్చింది, ఇంజిన్ మాత్రం తిరగలేదు. తెర మీద 48 వోల్టుల వ్యవస్థలో లోపమని ఎర్ర అక్షరాలు. మా పక్కింటి ఆయన సాయం చేద్దామని ట్రాక్టరు తెచ్చి కేబుళ్లు కలపబోయాడు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లు ఫోన్‌లో వద్దని చెప్పడంతో ఆగాం. కారును ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ బండి హైదరాబాద్ నుంచి వచ్చేసరికి ఐదు గంటలు పట్టింది.

వర్క్‌షాపులో మొదటి రోజే 48 వోల్టుల బ్యాటరీ మార్చాలని కొటేషన్ చేతికిచ్చారు, మొత్తం లక్షల్లో ఉంది. ఆ కాగితం పట్టుకుని కౌంటరు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అప్పుడు అక్కడే పనిచేసే ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ నన్ను పక్కకు పిలిచి, మామూలు 12 వోల్టుల బ్యాటరీ వయసెంతని అడిగారు. మూడేళ్లు దాటింది. ముందు దాన్ని మార్పించి, తర్వాత మళ్లీ పరీక్ష పెట్టమని చెప్పండి సార్ అన్నారు. అలాగే పట్టుబట్టాను. కొత్త 12 వోల్టుల బ్యాటరీ వేసి, ఎర్రర్లు తుడిచి, గంటన్నర నడిపాక 48 వోల్టులవైపు ఏ లోపమూ రాలేదు. ఆ తర్వాత ఇంతవరకు మళ్లీ రాలేదు. 48 వోల్టుల బ్యాటరీ లోపలి స్విచ్చులను కలిపే కంప్యూటరు నడిచేది 12 వోల్టుల మీదే కాబట్టి, చిన్న బ్యాటరీ నీరసపడితే పెద్ద బ్యాటరీ తలుపు తెరవదని ఆయన చెప్పారు.

అప్పటి నుంచి బండి వారం కంటే ఎక్కువ ఆగుతుందనుకుంటే బ్యాటరీ మెయింటెయినర్ అనే చిన్న చార్జరు పెట్టి వెళ్తున్నాను, డ్యాష్‌క్యామ్ వైరు తీసేశాను. ధాన్యం రోజుల్లో మీ బండి మూడు వారాలు ఆగుతుందన్నారు. అది చదివాకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

మిల్లుబాట (మిర్యాలగూడ)

ఇద్దరికీ ధన్యవాదాలు. పాలమూరు దారి తమ్ముడి అనుభవం చదివాక, నేను ఇంజిన్ గురించి భయపడవలసిన చోట కాకుండా వేరే చోట భయపడాలని అర్థమైంది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మా దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు పోతుంది, లిథియం బ్యాటరీ దాన్ని తట్టుకుంటుందా? రెండోది, రైస్ మిల్లు అంటే ఎలుకలు తప్పవు. పాత బండిలోనే రెండుసార్లు వైర్లు కొరికాయి. అలాగే బండి చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం చూడాలో కూడా ఎవరైనా చెప్పగలరా?

షెడ్డు పెద్దాయన (నల్లగొండ)

మిల్లుబాట గారూ, నేను ఇరవై రెండేళ్లుగా బండ్లు విప్పుతున్నాను, అందులో చివరి ఎనిమిదేళ్లు జర్మనీ బండ్లే ఎక్కువ. ఇంజినీరు గారు చెప్పిన లెక్కలన్నీ సరైనవే, కానీ విప్పేవాడి వైపు నుంచి ఒక మాట చేర్చాలి. బెల్టు మోటారు పాడైతే ఇంజిన్ ముందు నుంచే బయటికి వస్తుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న మోటారు పాడైతే గేర్‌బాక్స్ దించాలి. మోటారు అరుదుగానే పాడవుతుంది. కానీ వారంటీ లేని బండి కొనేవారు ఆ అరుదైన సందర్భాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. అందుకే పొడిగింపు వారంటీ ఇప్పటికైనా దొరుకుతుందేమో ఛాసిస్ నంబరుతో అడిగి చూడండి. కంపెనీ తనిఖీ చేసి ఇస్తానంటే ఆ డబ్బు దండగ అనుకోకండి.

చూడటానికి వెళ్లేటప్పుడు ఉదయాన్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చేయి పెడితే చల్లగా ఉండాలి. రాత్రంతా ఆగిన బండి ఎలా అందుకుంటుందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. తర్వాత ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో నడపండి. ఇంజిన్ వేడెక్కాక సిగ్నళ్ల దగ్గర దానంతట అది ఆగి మళ్లీ అందుకోవాలి. ఒక్కసారి కూడా ఆగకపోతే 12 వోల్టుల బ్యాటరీ నీరసంగా ఉందో, 48 వైపు ఏదో దాచిపెట్టిన ఎర్రర్ ఉందో తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. ఎండ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు బండి కావాలనే ఇంజిన్ ఆపదు కాబట్టి, ఈ పరీక్ష మధ్యాహ్నం కాకుండా పొద్దునే చేయాలి. స్కానర్ పెట్టించేటప్పుడు ఎర్రర్లు మాత్రమే కాకుండా 48 వోల్టుల బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతముందో ప్రింటు తీయించండి.

అమెరికాలో ఇదే తరం జీఎల్ఈ, జీఎల్ఎస్ బండ్లను కంపెనీయే ఒకసారి వెనక్కి పిలిచింది. ముందు ప్యాసింజరు వైపు ఉండే 48 వోల్టుల ఎర్త్ కనెక్షన్ సరిగా బిగించి ఉండకపోవచ్చని, అలా ఉంటే అక్కడ వేడి పుట్టి మంట వచ్చే ప్రమాదం ఉందని దాని కారణం. మీ బండికి అలాంటి పని ఏదైనా పెండింగ్‌లో ఉందేమో షోరూములో ఛాసిస్ నంబరు ఇచ్చి రాతపూర్వకంగా అడగండి. ఆ వైపు కార్పెట్ కింద తడి, బురద, సీటు పట్టాల మీద తుప్పు కూడా చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం, విజయవాడ నీట మునిగాక ఎన్నో బండ్లు కడిగి అమ్మకానికి వచ్చాయి. నీళ్లు తాగిన బండిలో 48 వోల్టుల కనెక్టర్లు ఏడాది తర్వాత బాధపెడతాయి.

ఎండ సంగతికి వస్తే, బ్యాటరీ తనకు వేడి ఎక్కువైనప్పుడు సాయం తగ్గించుకుంటుంది, అంతమాత్రాన పాడైపోదు. కానీ ఏళ్ల తరబడి రేకుల కింద కాలితే దాని ఆయుష్షు తగ్గుతుంది. మిల్లులో గోదాము నీడలో పెట్టగలిగితే పెట్టండి, ఊక కుప్ప పక్కన మాత్రం వద్దు. ఊక దుమ్ము ఎయిర్ ఫిల్టరునే కాదు, రేడియేటరు రెక్కల మధ్య మెత్తలా పేరుకుంటుంది. నెలకోసారి లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టించండి.

ఎలుకలకు పూర్తి మందు లేదు. బానెట్ కింద పొగాకు కాడలు పెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది, వాసన పోగానే మళ్లీ వస్తాయి. నేను చూసినంతలో బాగా పనిచేసింది రెండే. రాత్రిళ్లు బానెట్ కొద్దిగా ఎత్తి లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచడం ఒకటి, కింది భాగానికి సన్నటి ఇనుప జాలీ వేయించడం రెండోది. కొరికిన 48 వోల్టుల వైరును మాత్రం టేపు చుట్టి వదిలేయవద్దు. షాకు కొట్టకపోయినా వందల ఆంపియర్లు పారే వైరు అది, అతుకు వదులైతే మంటే.

మీ దగ్గర ఒక ప్రమాదం ప్రత్యేకంగా ఉంది. మిల్లులో ఎప్పుడూ లారీలు నిలబడి ఉంటాయి. బండి సెల్ఫ్ తీసుకోకపోతే ఎవరో ఒక డ్రైవరు మంచి మనసుతో లారీ బ్యాటరీ నుంచి కేబుల్ కలుపుతానంటాడు. లారీది 24 వోల్టులు. ఒక్క క్షణం కలిసినా కంప్యూటర్లు కాలిపోవచ్చు. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు, గుమాస్తాలకు ముందే చెప్పి పెట్టండి.

ఆయిలు విషయంలో మొదటి ఓనరు ఎంత గ్యాపులో మార్పించాడో బిల్లులు చూడండి. మన ఎండలకు, మీ పది కిలోమీటర్ల తిరుగుళ్లకు ఏడాదికోసారి లేదా పది వేల కిలోమీటర్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలనేది నా పద్ధతి, అదీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేసే తిరుగుళ్లలో పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది.

నకిరేకల్ ఇంజినీరు (హైదరాబాద్)

పెద్దాయన గారు చెప్పిన గేర్‌బాక్స్ దించే మాట నిజమే, నేను దాన్ని రాయకుండా వదిలేయడం పొరపాటు. పెట్రోలు గురించి ఒక్కటి చేర్చి ముగిస్తాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 2021 బండికి ఎంత శాతం దాకా అనుమతించారో ట్యాంకు మూత లోపలి స్టిక్కరు మీద, మాన్యువల్‌లో చూడండి. బండి మూడు వారాలు ఆగబోతుంటే ట్యాంకు సగానికి పైగా నింపి పెట్టండి, ఖాళీ ట్యాంకులోనే తేమ ఎక్కువ చేరుతుంది.

మిల్లుబాట (మిర్యాలగూడ)

పెద్దాయన గారూ, మీరు చెప్పిన లారీ బ్యాటరీ మాట ఈ సాయంత్రమే మిల్లులో అందరికీ చెప్పాను. మా గుమాస్తా పాత బండికి ఒకసారి సరిగ్గా అదే చేయబోయాడట, నాకు ఇప్పుడే తెలిసింది.

అమ్మే ఆయనతో మాట్లాడాను. ఆదివారం పొద్దున ఏడు గంటలకు వస్తానని, అప్పటిదాకా బండి కదిలించవద్దని చెబితే ఒప్పుకున్నారు. షోరూములో తనిఖీ ఖర్చు నాదే, 48 వోల్టుల బ్యాటరీ ప్రింటు, సర్వీసు బిల్లులు చూశాకే ధర మాట్లాడదామన్నాను. 12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడు మార్చారని అడిగితే, ఎప్పుడూ మార్చలేదన్నారు. పొడిగింపు వారంటీ రాకపోతే ఈ బండి వదిలేసి, బెల్టు మోటారు ఉన్న ఆడి క్యూ7 వైపు చూస్తాను. ఆదివారం రాత్రి ఇక్కడే ప్రింటులో వచ్చిన శాతం రాస్తాను.